మందుబిళ్ల వెల: ఒక చారిత్రక పరిశీలన

మన కథల్లో రోగాలకు కొదవలేదు. క్షయతో దగ్గే తండ్రి, మన్యం జ్వరంతో వణికే కూలీ, మందుల కోసం పుస్తె తాకట్టు పెట్టే ఇల్లాలు మనకు చిరపరిచితమైన పాత్రలు. ఈ పాత్రల పట్ల మన రచయితలు సానుభూతి చూపారు, పేదరికాన్ని ఖండించారు. కాని ఆ ఇల్లాలు మందుల షాపు బల్ల మీద పెట్టిన రూపాయలు అన్నే ఎందుకు, అంతకంటె తక్కువ ఎందుకు కాలేదు అన్న ప్రశ్న కథలో సాధారణంగా రాదు. మందు వెలను వర్షంలాగా, వరదలాగా పైనుంచి వచ్చిపడేదిగా భావించడం మనకు అలవాటయింది.

నిజానికి మందు వెల మనుషులు తీసుకున్న నిర్ణయం. దానికి తేదీలున్నాయి, ఉత్తర్వులున్నాయి, ఆ ఉత్తర్వుల కోసం పోరాడినవాళ్లూ వాటిని నీరుగార్చినవాళ్లూ ఉన్నారు. స్వతంత్ర భారత ప్రభుత్వం వేర్వేరు కాలాల్లో మందు వెల గురించి రెండు వేర్వేరు ప్రశ్నలు వేసింది. ఒకటి: ఈ మందు తయారు కావడానికి ఎంత ఖర్చవుతుంది? రెండు: ఈ మందు బజారులో ఎంతకు అమ్ముడుపోతోంది? పైకి చూస్తే ఈ రెంటికీ పెద్ద తేడా కనిపించదు. కాని మొదటి ప్రశ్న నుంచి రెండో ప్రశ్నకు జరిగిన ప్రయాణమే ఈ దేశంలో మందుల చరిత్ర. ఆ ప్రయాణాన్ని పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

వలసపాలన వదిలివెళ్లిన ఆస్తి

బ్రిటిష్ పాలకులు 1911లో పేటెంట్లు, డిజైన్ల చట్టం చేశారు. కొత్త మందు కనిపెట్టినవారికి ఆ మందు మీదనే గుత్తహక్కు ఈ చట్టం కింద దొరికేది. మరో పద్ధతిలో అదే మందును తయారుచేసినా నేరమే. ప్రఫుల్ల చంద్ర రాయ్ 1901లో కంపెనీగా నిలబెట్టిన బెంగాల్ కెమికల్స్, ఖ్వాజా అబ్దుల్ హమీద్ 1935లో బొంబాయిలో స్థాపించిన సిప్లా వంటి స్వదేశీ ప్రయత్నాలు ఈ చట్టం నీడలోనే నడవవలసి వచ్చింది.

ఆ రోజుల్లో ప్రభుత్వాన్ని కదిలించింది మందుల వెల కాదు, కల్తీ. మలేరియాతో జనం పిట్టల్లా రాలుతుంటే బజారులో దొరికే క్వినైన్‌లో ఎంత క్వినైన్ ఉందో చెప్పగలిగిన వ్యవస్థ లేదు. ఈ పరిస్థితిని విచారించడానికి 1930లో కర్నల్ ఆర్.ఎన్. చోప్రా అధ్యక్షతన కమిటీ వేశారు. మరుసటి ఏడు ఆ కమిటీ నివేదిక ఇచ్చింది. చట్టం రావడానికి మాత్రం 1940 దాకా ఆగవలసి వచ్చింది. అది కూడా నాణ్యత గురించి మాట్లాడిందే తప్ప ధర గురించి మాట్లాడలేదు. మందు మంచిదో కాదో చూడడం సర్కారు పని, దాని వెల చెప్పడం వ్యాపారి పని అన్న విభజన అక్కడ మొదలయింది.

స్వాతంత్ర్యం వచ్చింది గాని 1911 నాటి పేటెంట్ చట్టం కదలలేదు. దానిని సమీక్షించిన జస్టిస్ ఎన్. రాజగోపాల అయ్యంగార్ 1959లో ఇచ్చిన నివేదికలో ఒక చేదు నిజం బయటపెట్టారు. భారతదేశంలో ఇచ్చిన పేటెంట్లలో 80 నుంచి 90 శాతం విదేశీయులవే. వాటిలోనూ 90 శాతానికి పైగా ఈ దేశంలో ఉత్పత్తికి ఉపయోగపడటమే లేదు. అంటే పేటెంట్ ఇక్కడ ఫ్యాక్టరీ పెట్టడానికి కాదు, ఇతరులెవరూ పెట్టకుండా ఆపడానికి. దిగుమతి చేసుకున్న సరుకు చెప్పిన వెలకు అమ్ముకోవడానికి అది కంచెలాగా పనిచేసింది.

సుబ్బారావు దేశంలో టెట్రాసైక్లిన్

ఇక్కడ తెలుగువారికి సంబంధించిన ఒక విషయం గుర్తుచేసుకోవాలి. 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలకు పరిశోధనాధిపతి అయ్యారు. ఆయన నాయకత్వంలో పనిచేసిన బెంజమిన్ డగ్గర్ టెట్రాసైక్లిన్ కుటుంబంలో తొలి మందు ఆరియోమైసిన్‌ను వెలుగులోకి తెచ్చారు. అది 1948లో లోకానికి తెలిసింది. సుబ్బారావు ఆ ఏడే కన్నుమూశారు.

పదేళ్లు గడిచాయి. అమెరికా సెనేటర్ ఎస్టెస్ కెఫావర్ నాయకత్వంలోని ఉపసంఘం 1959లో మందుల ధరల మీద విచారణ మొదలుపెట్టింది. లెడర్లీ యజమాని అయిన అమెరికన్ సయనమిడ్‌తో సహా పెద్ద పెద్ద కంపెనీలను బోను ఎక్కించింది. దేశదేశాల ధరలు పోల్చి చూసిన ఆ ఉపసంఘం నివేదికలో మందులు అత్యంత ఖరీదుగా అమ్ముడుపోతున్న దేశాల సరసన భారతదేశం పేరుంది. తలసరి ఆదాయం అట్టడుగున ఉన్న దేశంలో యాంటిబయాటిక్స్ ధరలు శిఖరాన ఉన్నాయి. ఏ మందుల పుట్టుకలో ఒక తెలుగు బిడ్డ మేధస్సు కలిసిందో, ఆ జాతి మందులనే భీమవరం రైతు కూలీ కొనలేని స్థితి ఏర్పడింది. ఇందులో సుబ్బారావు తప్పేమీ లేదు. శాస్త్రజ్ఞుడి శ్రమ ఎవరి చేతిలో సరుకుగా మారుతుందన్నదే అసలు విషయం.

కెఫావర్ ప్రయత్నానికి అమెరికాలో ఏ గతి పట్టిందో కూడా తెలుసుకోవాలి. థాలిడొమైడ్ విషాదం తర్వాత 1962లో చట్టం వచ్చింది. మందు సురక్షితమని మాత్రమే కాదు, పనిచేస్తుందని కూడా కంపెనీలు రుజువు చెయ్యాలన్నారు. గుత్తను విరిచి ధర తగ్గించడానికి కెఫావర్ పెట్టిన నిబంధనలు మాత్రం చట్టసభలో రాలిపోయాయి. నాణ్యత ప్రభుత్వానికి, ధర కంపెనీకి అన్న పాత విభజన అక్కడ అలాగే నిలిచింది.

పింప్రి నుంచి బాలానగర్ దాకా

భారతదేశం కొంతకాలం వేరే దారి తొక్కింది. 1954లో పూనా దగ్గర పింప్రిలో హిందుస్తాన్ యాంటిబయాటిక్స్ వెలిసింది. దానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ సాయపడ్డాయి. 1961లో సోవియట్ సహకారంతో ఇండియన్ డ్రగ్స్ అండ్ ఫార్మాస్యూటికల్స్, మనం పిలుచుకునే ఐ.డి.పి.ఎల్., ఏర్పడింది. రిషీకేశ్‌లో యాంటిబయాటిక్స్, హైదరాబాద్ బాలానగర్‌లో సింథటిక్ మందులు, మద్రాసులో శస్త్రచికిత్స పరికరాలు తయారయ్యేట్టు ఏర్పాటయింది.

బాలానగర్ ఫ్యాక్టరీని లాభనష్టాల పట్టీతో మాత్రమే కొలిచేవాళ్లు దాని అసలు ఉత్పత్తిని లెక్కలోకి తీసుకోరు. అక్కడ మందులతోపాటు మందులు చేయడం తెలిసిన మనుషులు తయారయ్యారు. రసాయన శాస్త్రం చదివిన పల్లెటూరి పిల్లలు పుస్తకంలోని సమీకరణాన్ని వేల లీటర్ల రియాక్టర్లో నడిపించడం అక్కడే నేర్చుకున్నారు. డాక్టర్ రెడ్డీస్ సంస్థను 1984లో స్థాపించిన కె. అంజిరెడ్డి ఐ.డి.పి.ఎల్. ఉద్యోగి. ఆ దారిన వచ్చినవారు ఇంకా ఎందరో ఉన్నారు. జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరుల్లో లేచిన బల్క్ డ్రగ్ యూనిట్లకు బాలానగర్ తల్లివేరు. ఈనాడు హైదరాబాదును మందుల రాజధాని అంటున్నవాళ్లు ఆ రాజధానికి ప్రజాధనంతో పునాది పడిందన్న సంగతి తరచు మరచిపోతున్నారు.

ఆ పునాదిని నిలబెట్టింది 1970 పేటెంట్ చట్టం. అయ్యంగార్ నివేదిక ఆధారంగా వచ్చిన ఈ చట్టం 1972 ఏప్రిల్ 20న అమల్లోకి వచ్చింది. మందుల విషయంలో తయారీ పద్ధతికి మాత్రమే పేటెంట్ ఇస్తాం, మందుకు ఇవ్వం అన్నది దాని ప్రాణం. ఆ పద్ధతి పేటెంటుకు కూడా దరఖాస్తు పెట్టిననాటి నుంచి ఏడేళ్లు, మంజూరయిననాటి నుంచి అయిదేళ్లు, వీటిలో ఏది ముందు ముగిస్తే అదే గడువు. మరో పద్ధతి కనిపెట్టగలిగిన రసాయన శాస్త్రజ్ఞుడికి తలుపు తెరుచుకుంది. బాలానగర్‌లో నేర్చిన విద్య, ఢిల్లీలో చేసిన చట్టం కలిసిన చోట చౌక మందు పుట్టింది. బజారులో పోటీ ఉన్నది నిజమే. కాని ఆ పోటీకి చోటిచ్చింది చట్టం.

ఖర్చును అడిగిన కాలం

ధరల నియంత్రణ యుద్ధంతో మొదలయింది. 1962లో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు మందుల ధరలు ప్రదర్శించాలని ఆదేశించారు. 1963లో ఆ ఏడు ఏప్రిల్ 1 నాటి ధరల దగ్గర వాటిని బిగించారు. అది అత్యవసర పరిస్థితిలో వేసిన తాళం మాత్రమే. అప్పటికున్న ధర న్యాయమైనదా కాదా అని అది అడగలేదు. 1966లో పద్దెనిమిది మందుల తయారీ ఖర్చును పరిశీలించే పని టారిఫ్ కమిషన్‌కు అప్పగించడంతో ఆ ప్రశ్న మొదటిసారి బల్ల మీదికి వచ్చింది. 1970లో నిత్యావసర వస్తువుల చట్టం కింద మందుల ధరల నియంత్రణ ఉత్తర్వు జారీ అయింది. మందు కూడా బియ్యం, కిరోసిన్ లాగా నిత్యావసర వస్తువేనని దాని అర్థం.

1974లో జయసుఖ్‌లాల్ హాథీ అధ్యక్షతన వేసిన కమిటీ మరుసటి ఏడు ఇచ్చిన నివేదిక ఈ చరిత్రలో ఒక మలుపు. దేశానికి అత్యవసరమైన మందులు నూటికి కాస్త అటూ ఇటూ మాత్రమేనని ఆ కమిటీ జాబితా రాసి చూపించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన మొదటి జాబితా వేసింది 1977లో అన్నది గమనించదగ్గ విషయం. బ్రాండు పేర్లను క్రమంగా తొలగించి అసలు పేర్లతోనే మందులు అమ్మించాలని హాథీ కమిటీ చెప్పింది. బహుళజాతి మందుల కంపెనీలను జాతీయం చెయ్యాలని సభ్యుల్లో అధికసంఖ్యాకులు కోరారు. జాతీయం జరగలేదు. బ్రాండు పేర్లు పోలేదు. కాని ఆ నివేదిక వేసిన ప్రశ్నలు పూర్తిగా చల్లారలేదు.

1978 మందుల విధానం, 1979 ధరల ఉత్తర్వు ఆ వేడిలోంచే వచ్చాయి. 347 బల్క్ డ్రగ్స్ నియంత్రణ కిందికి వచ్చాయి. ధర కట్టే పద్ధతి బడిపిల్లలకు కూడా అర్థమయ్యేది. ముడిసరుకు ఖర్చు, దానిని బిళ్లగా మార్చే ఖర్చు, ప్యాకింగ్ ఖర్చు కూడాలి. ఆ మొత్తం మీద ప్రభుత్వం అనుమతించిన శాతం కలపాలి. దానికి పన్ను చేర్చాలి. ఆ శాతంలో పంపిణీ, ప్రచారం, లాభం అన్నీ ఇమడాలి. ప్రాణాధారమైన మందులకు 40 శాతం, ఆ తర్వాతి తరగతికి 55 శాతం, మూడో తరగతికి 100 శాతం. నాలుగో తరగతికి నియంత్రణ లేదు. ఎంత అవసరమైన మందో అంత తక్కువ లాభం అన్నది అందులోని నీతి.

కొండనాలుకకు మందు

ఈ నీతిలోనే చిక్కు కూడా ఉంది. కంపెనీ పని మందు చెయ్యడమే అయినా దాని గురి లాభం. 40 శాతం దొరికే మందు చెయ్యడం కంటె నియంత్రణ లేని టానిక్కు చెయ్యడం దానికి లాభసాటి. కనుక క్షయ మందుల కొరత ఉన్న దేశంలో విటమిన్ సీసాలు, దగ్గు మందులు, అవసరం లేని మిశ్రమాలు కుప్పలు తెప్పలుగా వచ్చిపడ్డాయి. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు, నియంత్రణ వల్లనే మందులు కరువయ్యాయని పరిశ్రమ వాదించింది.

ఈ వాదనను తోసిపారెయ్యకూడదు. అందులో నిజం ఉంది. కేవలం ధరను బిగించి, ఉత్పత్తిని వ్యాపారి ఇష్టానికి వదిలేస్తే జరిగేది ఇదే. అయితే దీనికి రెండు పరిష్కారాలున్నాయి. ప్రజారంగాన్ని బలపరచి అవసరమైన మందులు దాని చేత చేయించడం, అనవసరమైన మిశ్రమాలను నిషేధించడం మొదటిది. నియంత్రణను సడలించడం రెండోది. మన ప్రభుత్వాలు రెండోది ఎంచుకున్నాయి. 1987 ఉత్తర్వులో నియంత్రిత మందుల సంఖ్య 142కు దిగింది. అనుమతించిన శాతం పెరిగింది. 1995లో ఆ సంఖ్య 74కు పడిపోయింది. మందు ఎంత అవసరమన్నది కొలమానం కాకుండా, దాని అమ్మకాల విలువ ఎంత, బజారులో పోటీ ఎంత అన్నవి కొలమానాలయ్యాయి. దానితో ఎన్నో ప్రాణాధార మందులు జాబితా బయట పడ్డాయి.

అదే కాలంలో ప్రజారంగం కుప్పకూలింది. ఐ.డి.పి.ఎల్. 1992లో ఖాయిలా సంస్థ అయింది. 2016లో దానిని మూసెయ్యాలని కేంద్ర మంత్రివర్గం తీర్మానించింది. తొంభైల నుంచి చైనా చౌక సరుకు ముందు ఇక్కడి యాంటిబయాటిక్ ముడిమందుల ఉత్పత్తి నిలవలేకపోయింది. ఆ పరాధీనత ప్రమాదం తెలిసివచ్చాక 2020లో ప్రభుత్వం ప్రైవేటు కంపెనీలకు ప్రోత్సాహక సొమ్ము ప్రకటించింది. ఆ పథకం కిందనే 2024లో కాకినాడ దగ్గర పెన్సిలిన్ ముడిమందు ఫ్యాక్టరీ ప్రారంభమయింది. పింప్రిలో యాభైల్లో ప్రజల ఆస్తిగా నేర్చుకున్న విద్యను ఏడు దశాబ్దాల తర్వాత ప్రజల సొమ్ముతో ప్రైవేటు ఆస్తిగా మళ్లీ కొనుక్కోవలసి వచ్చింది.

ప్రశ్న మారింది

2002లో నియంత్రణను మరింత కుదించబోయిన విధానం కర్ణాటక హైకోర్టులో ఆగింది. అత్యవసర, ప్రాణాధార మందులు నియంత్రణ నుంచి జారిపోకుండా చూడాలని 2003లో సుప్రీం కోర్టు ఆదేశించింది. ప్రజారోగ్య సంఘాలు పట్టు విడవకుండా వ్యాజ్యం నడిపాయి. ఆ ఒత్తిడి ఫలితంగానే 2013 ఉత్తర్వు వచ్చింది. జాతీయ అత్యవసర మందుల జాబితాలోని 348 మందులూ అందులో చేరాయి. 74 నుంచి 348కి పెరగడం చిన్న విజయం కాదు. అంతకుముందు ఏ కప్పూ లేని ఖరీదైన బ్రాండ్లు కొన్ని ఆ దెబ్బకు దిగివచ్చాయి కూడా.

కాని జాబితా పెరిగిన చోటనే లెక్క మారింది. ఇక తయారీ ఖర్చు ఎవరూ అడగరు. ఒక మందు అమ్మకాల్లో ఒక శాతమో అంతకు మించో వాటా ఉన్న బ్రాండ్లన్నీ తీసుకుంటారు. అవి షాపువాడికి వేసే ధరల సగటు కడతారు. దానికి షాపువాడి 16 శాతం కలుపుతారు. అదే గరిష్ఠ ధర.

ఈ లెక్క అర్థం కావడానికి ఒక ఉదాహరణ ఊహించుకుందాం. పది బిళ్లల పట్టీ తయారు కావడానికి రెండు రూపాయలవుతుంది. ఒక కంపెనీ దానిని 30కి, మరొకటి 24కి, ఇంకొకటి 6కి షాపులకు వేస్తున్నాయి. సగటు 20. పదహారు శాతం కలిపితే 23 రూపాయల 20 పైసలు. ఇది ప్రభుత్వ ముద్ర పడిన ‘నియంత్రిత’ ధర. 1979 సూత్రం ప్రకారం నూటికి నూరు శాతం కలిపినా ఆ పట్టీ పన్ను కాక నాలుగు రూపాయలు దాటదు. రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే అని సామెత. ఇక్కడ పాలు కోరింది రోగి కాదు, కంపెనీ.

మందు విషయంలో ‘బజారు ధర’ అన్న మాటే పరిశీలించదగ్గది. వంకాయలు కొనేవాడు నాలుగు బండ్ల దగ్గర బేరమాడతాడు. మందు కొనేవాడికి ఆ హక్కు లేదు. రాసేది డాక్టరు, డబ్బిచ్చేది రోగి, పేరు గుర్తుచేసేది మెడికల్ రెప్. ఎక్కువ ధర ఉన్న బ్రాండే ఎక్కువ అమ్ముడుపోయే వింత ఇక్కడ తరచు కనిపిస్తుంది. అటువంటి బజారు సగటును న్యాయమైన ధర అనడమంటే దొంగతూకాలన్నీ కూడి, భాగించి, వచ్చినదాన్ని సరైన తూకమనడం. పైగా ఈ గరిష్ఠ ధర టోకు ధరల సూచితో పాటు ఏటా పెరగవచ్చు. 2022లో 10 శాతం పైన, 2023లో 12 శాతం పైన పెరిగింది అలాగే.

ప్రభుత్వం తలచుకుంటే ఏమి చెయ్యగలదో 2017 ఫిబ్రవరిలో తెలిసింది. గుండె నాళంలో వేసే స్టెంట్ల విషయంలో మధ్యవర్తులు, ఆసుపత్రులు ఎంతెంత కలుపుకుంటున్నారో జాతీయ మందుల ధరల సంస్థ లెక్క తీసింది. మందు పూసిన స్టెంటుకు 29,600 రూపాయలు, మామూలు దానికి 7,260 రూపాయలు గరిష్ఠ ధరగా నిర్ణయించింది. అంతకుముందు మందు పూసినవి లక్ష రూపాయలు దాటి అమ్ముడయ్యేవి. ఎవరి వాటా ఎంత అని అడగడంతోనే ధర కూలింది. అడగడమే అరుదు.

హైదరాబాదు కంపెనీ, రెండు లక్షల మందు

ధరల ఉత్తర్వులు ఒకవైపు నడుస్తుండగా పేటెంట్ గోడ మళ్లీ లేచింది. 1995లో ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరిన ఫలితంగా 2005లో మన చట్టాన్ని సవరించవలసి వచ్చింది. మందు మీదనే పేటెంట్ తిరిగివచ్చింది. ఆ గోడ లేని కాలం విలువ ఏమిటో 2001లోనే లోకం చూసింది. సంవత్సరానికి పదివేల డాలర్లు దాటే ఎయిడ్స్ మందుల కూర్పును సిప్లా 350 డాలర్లకు ఇస్తానని ప్రకటించింది. ఆఫ్రికాలో లక్షల ప్రాణాలు నిలవడానికి దారి తీసిన ఆ ధరకు మూలం 1970 చట్టం.

అయితే 2005 సవరణ పూర్తి లొంగుబాటు కాదు. పార్లమెంటులో వామపక్షాల పట్టుదల వల్ల, బయట రోగుల సంఘాల ఆందోళన వల్ల అందులో కొన్ని రక్షణలు చేరాయి. పాత మందుకు చిన్న మార్పు చేసి కొత్త పేటెంట్ అడిగితే, రోగం నయం చేయడంలో అది మెరుగని చూపాలంటుంది సెక్షన్ 3(డి). రక్త క్యాన్సర్ మందు గ్లివెక్ విషయంలో నోవార్టిస్ వేసిన అప్పీలును 2013 ఏప్రిల్ 1న సుప్రీం కోర్టు కొట్టివేసింది ఈ సెక్షన్ బలంతోనే.

రెండో రక్షణ నిర్బంధ లైసెన్సు. మూత్రపిండాలకు, కాలేయానికి వచ్చే క్యాన్సర్లలో వాడే నెక్సావర్ అనే మందును బేయర్ కంపెనీ నెలకు 2,80,428 రూపాయలకు అమ్మేది. హైదరాబాదుకు చెందిన నాట్కో దరఖాస్తు మీద 2012 మార్చి 9న పేటెంట్ కంట్రోలరు లైసెన్సు మంజూరు చేశారు. నెల మందు 8,880 రూపాయలు మించకూడదన్నారు. పేటెంటుదారుకు ఆరు శాతం రాయల్టీ ఇవ్వాలన్నారు. అది తర్వాత ఏడు అయింది. రెండు లక్షల ఎనభై వేలు, ఎనిమిది వేల ఎనిమిది వందల ఎనభై: రెండు బిళ్లల్లోనూ ఉన్నది ఒకటే రసాయనం. మధ్య ఉన్న తేడా గుత్తహక్కు వెల. పరిశోధనకు ఖర్చవుతుంది, నిజమే. ఆ ఖర్చు ఎంతో లెక్క చూపమంటే మాత్రం అది వ్యాపార రహస్యమవుతుంది. మన దేశంలో ఇటువంటి లైసెన్సు అదే మొదటిది. మళ్లీ మరొకటి రాలేదు. చట్టంలో ఆయుధం ఉండడం వేరు, దానిని ఎత్తే చెయ్యి ఉండడం వేరు.

బ్రాండు మీద నమ్మకం ఎందుకు?

హాథీ కమిటీ సిఫారసు ఇన్నేళ్లయినా ఎందుకు అమలు కాలేదు? కంపెనీల పలుకుబడి ఒక కారణం. అది ఒక్కటే కారణం కాదు. 1986లో బొంబాయి జె.జె. ఆసుపత్రిలో విషం కలిసిన గ్లిజరిన్ వల్ల పద్నాలుగు మంది చనిపోయారు. దానిని విచారించిన జస్టిస్ లెంటిన్ ఆసుపత్రి మొదలు మందుల తనిఖీ శాఖ దాకా పాకిన అవినీతిని బట్టబయలు చేశారు. అయినా 2020లో జమ్మూలో, 2025లో మధ్యప్రదేశ్‌లో అదే జాతి విషం దగ్గు మందులో చేరి పసిపిల్లలను చంపింది. పేరులేని మందు ఇస్తే పనిచేస్తుందా అని తల్లి భయపడడం మూఢనమ్మకం కాదు. ప్రభుత్వం హామీ ఇవ్వవలసిన నాణ్యతను హామీ ఇవ్వనప్పుడు ఆ ఖాళీలోకి బ్రాండు వచ్చి కూర్చుంటుంది. బ్రాండుకు మనం అదనంగా ఇచ్చే సొమ్ము ప్రభుత్వ తనిఖీ లేనందుకు కట్టే జరిమానా.

2023 ఆగస్టులో వైద్యులు మందుల అసలు పేర్లే రాయాలని జాతీయ వైద్య కమిషన్ నిబంధన తెచ్చింది. ఆ నెల తిరక్కముందే దానిని పక్కన పెట్టింది. 2008లో మొదలయిన జన ఔషధి షాపులు పదిహేను వేలు దాటాయి. మంచిదే. కాని తనిఖీ చేసే ప్రయోగశాలలు, ఇన్‌స్పెక్టర్లు పెరగకుండా షాపుల సంఖ్య ఒక్కటే పెరిగితే తల్లి భయం పోదు. చోప్రా కమిటీ నాటి నాణ్యత ప్రశ్న, హాథీ కమిటీ నాటి ధర ప్రశ్న ఒకటేనని ఇక్కడ తేలుతుంది.

బిల్లు ఎవరిది?

ఇంతకూ ఈ సొమ్ము కట్టేది ఎవరు? సంఘటిత కార్మికుడికి 1948 చట్టం కింద ఇ.ఎస్.ఐ. ఉంది. కేంద్ర ఉద్యోగికి 1954 నుంచి ఆరోగ్య పథకం ఉంది. మావంటి ఉపాధ్యాయులకు ఆసుపత్రిలో చేరితే ఖర్చు తిరిగి రాబట్టుకునే దారి ఉంది. కాగితాలు కట్టలు కట్టి కార్యాలయాల చుట్టూ తిరిగే ఓపిక ఉంటే కొంత వస్తుంది. వ్యవసాయ కూలీకి, ఇళ్లలో పాచిపని చేసే మనిషికి ఆ దారీ లేదు.

2007లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలయిన ఆరోగ్యశ్రీ పేదవాడి గుండె ఆపరేషన్‌కు డబ్బు కట్టింది. ఆ మేలు చిన్నది కాదు. 2018లో కేంద్రం తెచ్చిన ఆయుష్మాన్ భారత్ కూడా ఆ మార్గమే. కాని ఈ పథకాలు ప్రధానంగా మంచం మీద పడ్డాక వచ్చేవి. మంచం పట్టకుండా కాపాడే రోజువారీ బిళ్ల, రక్తపోటుది గాని చక్కెర వ్యాధిది గాని, చాలామంది తమ జేబులోంచే కొనుక్కుంటారు. దేశం మొత్తం ఆరోగ్య వ్యయంలో ప్రజలు నేరుగా జేబులోంచి పెట్టేది 2013-14లో 64 శాతం, 2021-22లో 39 శాతం అని ప్రభుత్వ లెక్క. తగ్గింది. అయినా ప్రతి వంద రూపాయల్లో 39 రోగి చేతి నుంచే వెళుతున్నాయి. అందులో పెద్ద వాటా మందులదే.

దీనికి మార్గం లేకపోలేదు. తమిళనాడు 1994లో వైద్య సేవల కార్పొరేషన్ స్థాపించి, మందులు అసలు పేర్లతో టోకున కొని, పరీక్ష చేయించి, ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇచ్చింది. 2011లో రాజస్థాన్ ఆ దారి పట్టింది. రోగి ఒక్కడుగా బేరమాడలేడు. రోగులందరి తరఫున ప్రభుత్వం బేరమాడితే ధర తయారీ ఖర్చు దగ్గరికి దిగుతుంది. వెనక్కి చెల్లించే పథకం బిల్లు ఎంత అని చూస్తుంది. ముందే కొని పంచే పథకం ధర ఎంత అని అడుగుతుంది.

లెక్కకు రాని ఖర్చు

చివరగా మన నేల మీది సంగతి ఒకటి. ఖర్చును లెక్కించాలి అన్నప్పుడు ఏ ఖర్చును అన్నది కూడా అడగాలి. పటాన్‌చెరు చుట్టుపక్కల పల్లెల చెరువులు, బావులు మందుల ఫ్యాక్టరీల వ్యర్థాలతో పాడయ్యాయి. ఆ రైతుల గోడు 1990 నాటికే సుప్రీం కోర్టుకు చేరింది. అక్కడి వ్యర్థజలాల శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటిబయాటిక్, దానిని వాడుతున్న రోగి రక్తంలో ఉండే మోతాదును మించి ఉందని 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు ప్రచురించారు. అటువంటి నీటిలో బతకనేర్చిన సూక్ష్మజీవులు రేపు అదే మందును పనికిరాకుండా చేస్తాయి. 1979 సూత్రంలో గాని 2013 సూత్రంలో గాని ఈ ఖర్చుకు గడి లేదు. బిళ్ల చౌకగా రావడానికి ఇచ్చిన మూల్యంలో కొంత మెదక్ రైతు బావిలో ఉంది.

పై పరిశీలన వల్ల తేలేది ఇది. చౌక మందు ఎవరి దయాధర్మమూ కాదు. అది పేటెంట్ చట్టం మార్చడం వల్ల, ప్రజారంగంలో విద్య నేర్పడం వల్ల, ఖర్చు ఎంతో చెప్పమని నిలదీయడం వల్ల వచ్చింది. ఈ మూడూ సడలిన మేరకు అది చేజారుతోంది. ఖరీదైన మందు కూడా విధిరాత కాదు. దానిని రాసిన ఉత్తర్వుకు సంఖ్య ఉంది, తేదీ ఉంది. తేదీ ఉన్నదాన్ని మార్చవచ్చు.

కనుక వాస్తవికతను కోరే రచయిత పుస్తె తాకట్టు పెట్టిన ఇల్లాలి కన్నీటి దగ్గర ఆగిపోకూడదు. ఆమె చేతిలోని పట్టీ వెనక్కి తిప్పి చూడాలి. అక్కడ ముద్రించిన అంకె ఎవరు కట్టిన లెక్కో, ఆ లెక్కలో ఎవరు చేరారో, ఎవరు చేరలేదో అడగాలి. జాలి మందు వెల తగ్గించదు. ప్రశ్న తగ్గించిన సందర్భాలు పైన చూశాం.